కంపెనీ టైర్లతో బరువైన ట్రైలర్ లాగితే ఎంతవరకు తట్టుకుంటాయి?

ప్రశ్న: పికప్_లోడు

పికప్‌తో పాటు కంపెనీ నుంచి వచ్చినవి 245/75 ఆర్ 16 సైజు టైర్లు. సైజుకు ముందు ‘పీ’ అనే అక్షరం, చివర 109 ఎస్ అని ఉంది. డోరు పక్క స్టిక్కరు మీద నాలుగింటికీ 35 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) అని రాశారు. ఇకమీదట నెలకు పది పన్నెండు రోజులు రెండు ఇరుసుల ట్రైలర్ లాగాలి. సరుకుతో కలిపి ట్రైలర్ బరువు 2400 కిలోలు. అది కాక పికప్ వెనక బాడీలో 350 కిలోల దాకా సామాను ఉంటుంది. ఎక్కువగా హైవే, 80–90 వేగం, మధ్యలో ఒక ఘాట్ రోడ్డు. టైర్లు ఇప్పటికి 11,000 కిలోమీటర్లు తిరిగాయి, ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల భాగం) బాగానే ఉంది.

ఇవి ఈ బరువుకు నిలుస్తాయా, లేక ఇప్పుడే ఎల్‌టీ (చిన్న ట్రక్కుల తరగతి) టైర్లకు మారాలా? గాలి ఎంత పెట్టాలి? పాడవుతున్నాయని ముందే ఎలా తెలుస్తుంది? ‘కంపెనీ టైర్లు బరువుకు పనికిరావు, వెంటనే తీసేయండి’ అని కొందరు, ‘కంపెనీవాళ్లు లెక్క చూసే వేస్తారు’ అని కొందరు చెబుతున్నారు. ఆ లెక్క ఏమిటో వివరంగా చెప్పగలరా?

జవాబు: ఇరుసు_లెక్క

ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉందండి. ముందు మీ టైరు మీద ఉన్న అంకెలు చూద్దాం.

109 అనేది లోడ్ ఇండెక్స్. ఒక్కో టైరు 1030 కిలోలు మోయగలదని అర్థం. అయితే సైజు ముందున్న ‘పీ’ అది కార్ల తరగతి టైరని చెబుతుంది. ఆ తరగతి టైరును పికప్‌కు వేసినప్పుడు పూర్తి 1030 లెక్కలోకి తీసుకోకూడదు, 1.1తో భాగించాలి. పికప్ ఎత్తుగా ఉంటుంది, మలుపులో బరువంతా ఒక పక్కకు తూగుతుంది, లోడు కూడా కారులో కన్నా మొరటుగా పడుతుంది. అందుకే ఆ కోత. 1030ని 1.1తో భాగిస్తే 936 కిలోలు. అంటే వెనక ఇరుసుకు రెండు టైర్లూ కలిపి 1872 కిలోలు. మీకు పనికొచ్చే అంకె ఇదే. ఎల్‌టీ టైర్లకు ఈ కోత లేదు, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద రాసిందే లెక్క.

చాలామంది పొరపాటుపడేది దీని తర్వాతే. బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. టైరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి. ఇదే 245/75 ఆర్ 16 సైజులో ‘ఈ’ అక్షరపు లోడ్ రేంజి (బరువు తరగతి) ఎల్‌టీ టైరు 80 పీఎస్‌ఐ దగ్గర 1380 కిలోలు మోస్తుంది. 65 దగ్గర 1190. 50 దగ్గర సరిగ్గా 1000. 35 దగ్గర 770 మాత్రమే! మీ స్టిక్కరు మీదున్నది 35. పాత టైర్లు తీసేసి, ‘బలమైన’ ఎల్‌టీ వేసి, స్టిక్కరు చూసి అదే 35 కొట్టిస్తే ఒక్కో టైరుకు 936 కిలోల దగ్గరనుంచి 770కి దిగిపోతారు. డబ్బు పెట్టి బలం తగ్గించుకున్నట్టు. కంపెనీ టైరుతో సమానం కావడానికే ఎల్‌టీలో దాదాపు 46 పీఎస్‌ఐ ఉండాలి. ఎల్‌టీ వేసినా టైర్లు పేలుతున్నాయని ఎవరైనా అంటే, ముందు వాళ్లు గాలి ఎంత పెట్టారో అడగండి.

మీ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే వెనక ఇరుసు మీద అసలు ఎంత పడుతోందో తెలియాలి. ఊహించొద్దు, వేబ్రిడ్జికి వెళ్లండి. ట్రైలర్ తగిలించి, బాడీలో సామానుతో, రోజూ కూర్చునే మనుషులతో, ట్యాంకు నిండుగా ఉండగా మూడు తూకాలు తీయండి. మొదట పికప్ ముందు చక్రాలు మాత్రమే కాటా మీద, తర్వాత పికప్ నాలుగు చక్రాలు, చివరికి ట్రైలర్ చక్రాలు. ఆపైన ట్రైలర్ విప్పి పక్కన పెట్టి, పికప్‌ను ఒక్కదాన్నే ముందు, వెనక విడివిడిగా తూచండి. అవకాశం ఇస్తే వెనక చక్రాల్లో ఎడమది ఒక్కటే కాటా మీద ఉండేలా నిలిపి కూడా చూడండి. సామాను ఒక వైపు ఒరిగి ఉంటే ఆ టైరుకు ఎంత ఎక్కువ పడుతోందో బయటపడేది అక్కడే.

జవాబు: గాలి_గేజి

పై లెక్క సరైనదే. కానీ మోయగలగడం వేరు, 90 వేగంలో గంటల తరబడి మోయడం వేరు. టైరు చచ్చేది బరువుకు కాదు, వేడికి.

మీ సైజు టైరు వ్యాసం సుమారు 77 సెంటీమీటర్లు. 90 వేగంలో సెకనుకు పది చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ రోడ్డుకు ఆనిన చోట సైడ్‌వాల్ ఒకసారి ఉబ్బి మళ్లీ సర్దుకుంటుంది. గాలి తక్కువైనా బరువు ఎక్కువైనా ఆ వంపు పెరుగుతుంది. వంగిన ప్రతిసారీ రబ్బరు కొంత శక్తిని వేడిగా మార్చుకుంటుంది. బయటికి పోయే వేడికన్నా లోపల పుట్టేది ఎక్కువైతే ట్రెడ్ కింద ఉండే ఉక్కు బెల్టుల అంచుల దగ్గర రబ్బరు పట్టు వదలడం మొదలవుతుంది. పైకి ఏమీ కనిపించదు. పగులు అంచునుంచి మధ్యకు పాకుతుంది, ఒకరోజు ట్రెడ్ మొత్తం తోలు వలిచినట్టు ఊడి వస్తుంది. అది ఎండాకాలం మధ్యాహ్నం, లోడుతో, హైవే మీదే ఎక్కువ జరగడానికి కారణం ఇదే. దెబ్బ మాత్రం అంతకు ముందు ఎప్పుడో, గాలి తగ్గి తిరిగిన రోజుల్లో పడి ఉంటుంది.

కాబట్టి గాలి చూసే పద్ధతి ముఖ్యం. బండి మూడు గంటలు ఆగి ఉన్నాక, లేదా ఒకటిన్నర కిలోమీటరు కూడా కదలకముందే చూడాలి. స్టిక్కరు మీది అంకె ఆ చల్లటి టైరుకే. లోడుతో ఒక గంట నడిచాక 10 నుంచి 15 శాతం పెరగడం మామూలు. 35 పెట్టింది 39, 40 చూపిస్తుంది. అది చూసి గాలి తీసేయకండి, తీస్తే చల్లారాక తక్కువైపోతుంది. అదే 42, 43 దాటితే మాత్రం బరువో వేగమో ఎక్కువైందని, లేదా పొద్దున పెట్టిందే తక్కువని అర్థం. ఆగి కారణం వెతకండి.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. బయట వేడి 5–6 డిగ్రీల సెల్సియస్ మారితే 35 ఉన్న టైరులో ఒక పీఎస్‌ఐ, 80 ఉన్న టైరులో దాదాపు రెండు మారతాయి. మధ్యాహ్నం ఎండలో 35 సరిచూసుకుని, తెల్లవారుజామున ఇరవై డిగ్రీలు తగ్గిన చలిలో బయల్దేరితే మీరు నడుపుతున్నది 31 మీద.

డాష్‌బోర్డులో గాలి హెచ్చరిక దీపం ఉంది కదా అనుకోవద్దు. చాలా బళ్లలో అది స్టిక్కరు అంకెకన్నా 25 శాతం తగ్గాకే వెలుగుతుంది. మీకు అది 26 దగ్గర. లోడుతో 26 మీద తిరిగాక తెలిసి లాభం లేదు. ఎల్‌టీ వేసి 55 పెట్టుకున్నా ఆ దీపం ఇంకా 26 కోసమే చూస్తుంటుంది, సగం గాలి పోయినా నోరెత్తదు. ఎల్‌టీకి మారిన రోజే స్కానర్‌తో ఆ హద్దును మార్పించాలి.

కంపెనీ ‘పీ’ టైరులో నాకు కనిపించే అసలు లోపం ఊగడం. సైడ్‌వాల్ పలచన, మెత్తన. పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడు ట్రైలర్ తోకను తోస్తే ఆ తోపు పికప్ వెనక భాగాన్ని కూడా పక్కకు ఊపుతుంది. వెనక టైర్లలో 38–40 పెడితే ఈ ఊపు కొంత తగ్గుతుంది. మోసే బరువు మాత్రం పెరగదు. ఈ తరగతి టైరు లెక్క 35 దగ్గరే ఆగిపోతుంది. సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ పీఎస్‌ఐ ఎప్పుడూ దాటకండి.

పికప్_లోడు

ఇద్దరికీ ధన్యవాదాలు. తూకం వేయించాను. ట్రైలర్‌తో: పికప్ ముందు 1110, వెనక 1690, ట్రైలర్ చక్రాల మీద 2110. ట్రైలర్ విప్పాక: ముందు 1220, వెనక 1290. ట్రైలర్‌తో ఉన్నప్పుడు వెనక ఎడమ చక్రం ఒక్కదాని మీద 880 వచ్చింది. వెనక ఇరుసు హద్దు స్టిక్కరు మీద 1700 అని ఉంది. సరిపోయినట్టేనా?

జవాబు: ఇరుసు_లెక్క

తూకం చక్కగా తీశారు. ఇప్పుడు చూడండి.

ట్రైలర్ తగిలించాక పికప్ మొత్తం 2510 నుంచి 2800కి పెరిగింది. ఆ 290 కిలోలు ట్రైలర్ మూతి హిచ్ (పికప్ వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద మోపే బరువు. మొత్తం 2400లో అది 12 శాతం. హిచ్ బాల్ మీద లాగే ట్రైలర్‌కు 10–15 శాతం ఉండాలి కాబట్టి సరుకు సర్దుడు బాగుంది. 10 కంటే తగ్గితే ట్రైలర్ తోక ఊపుతుంది.

మూతి మోపింది 290 అయితే వెనక ఇరుసు మీద పెరిగింది 400 అని గమనించారా? హిచ్ వెనక ఇరుసుకు ఇంకా వెనక్కి ఉంటుంది. అక్కడ నొక్కితే తక్కెడలా ముందు లేస్తుంది. ముందునుంచి లేచిన 110 కూడా వెనక టైర్ల మీదే పడింది. ట్రైలర్ మూతి బరువును నేరుగా కలిపి లెక్కవేసుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఇక టైరు. ఎడమ టైరు మీద 880, దాని సామర్థ్యం 936. మిగిలింది 56 కిలోలు, అంటే 6 శాతం. కుడి టైరుకు 810, అక్కడ 126 కిలోల వెసులుబాటు ఉంది. కాగితం మీద హద్దులోనే ఉన్నారు. కానీ 6 శాతం చాలా సన్నటి గీత. గాలి మూడు నాలుగు పీఎస్‌ఐ తగ్గితే అది చెరిగిపోతుంది. బాడీలోని బరువైన సామాన్లలో కొన్ని ఎడమనుంచి కుడికి, వెనకనుంచి క్యాబిన్ గోడ వైపుకు జరపండి. రెండు పక్కలూ 845 అయితే మిగులు 10 శాతం దగ్గరకు వస్తుంది.

టైరుకన్నా ముందు మీకు అడ్డొచ్చేది ఇరుసు. 1700 హద్దుకు 1690. ఇంకొక మనిషి వెనక సీట్లో కూర్చుంటే దాటిపోతారు. 1380 కిలోలు మోసే ఎల్‌టీ టైర్లు వేసినా ఈ 1700 ఒక్క కిలో కూడా పెరగదు, ఎందుకంటే స్ప్రింగులు, బేరింగులు, ఇరుసు గొట్టం అవే. బాడీలోంచి 100 కిలోలు తీసి ట్రైలర్‌లో దాని ఇరుసులకు సరిగ్గా పైన పెట్టండి, ట్రైలర్ హద్దు ఒప్పుకుంటేనే సుమా. లేదా బరువు పంచే హిచ్ వేయించండి. అందులోని స్ప్రింగు కడ్డీలు బిగిసినప్పుడు వెనక పడిన బరువులో కొంత ముందు ఇరుసుకు, కొంత ట్రైలర్ ఇరుసులకు వెళ్తుంది. బిగించాక మళ్లీ కాటా ఎక్కించి చూడాలి, కంటి అంచనాతో కాదు.

నా అభిప్రాయం: ఈ సర్దుబాట్లు చేసి, ప్రతి ప్రయాణానికి ముందు గాలి చూసుకునే ఓపిక ఉంటే ఉన్న టైర్లను అరిగేదాకా వాడుకోవచ్చు. తర్వాతి జత మాత్రం ఎల్‌టీ తీసుకోండి. అప్పుడు లోడుతో వెనక 55 పెట్టండి. అక్కడ ఆ టైరు సుమారు 1060 కిలోలు మోస్తుంది, మీ 880కి 17 శాతం మిగులు. ముందు టైర్లకు 46 చాలు. 80 కొట్టకండి, ఈ బరువుకు అది అనవసరం. టైరు రాయిలా అయి ట్రెడ్ మధ్యలో మాత్రమే అరుగుతుంది, ఖాళీ బండికి తడి రోడ్డు మీద బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. ట్రైలర్ లేని రోజుల్లో వెనక కూడా 46కు దించండి.

జవాబు: టైరు_బెంచి

విప్పి చూస్తే తెలిసే విషయాలు కొన్ని నేను కలుపుతాను.

ట్రెడ్ లోతును గేజితో మూడు చోట్ల కొలవండి: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. రెండు అంచులూ అరిగి మధ్య నిలిస్తే గాలి తక్కువ లేదా లోడు ఎక్కువ. మధ్య అరిగితే గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) తప్పింది. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి రాయండి. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపపు పళ్లలా గీరుకుంటే టో (చక్రాల ముందు వైపు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. కంటికి కనపడకముందే చేతికి తెలుస్తుంది. లోడు వేశాక వెనక కుంగి ముందు లేచే బండిలో ముందు చక్రాల కోణాలు మారతాయి కాబట్టి ఇది తరచూ చూడాలి.

‘ఎన్నాళ్లు వస్తాయి’ అన్నదానికి మీ టైరే జవాబు చెబుతుంది. ఉదాహరణకు ఇవాళ వెనక టైరు లోతు 7.3 మిల్లీమీటర్లు ఉందనుకోండి, కొత్తలో 8.5 ఉండేది. 11,000 కిలోమీటర్లకు 1.2 అరిగింది. చాలాచోట్ల చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది కానీ ట్రైలర్‌తో వాన రోడ్డు మీద 3 దగ్గరే ఆపేయాలి. మిగిలిన 4.3 మిల్లీమీటర్లకు ఇదే తీరున 39,000 కిలోమీటర్లు వస్తాయి. అయితే అది ట్రైలర్ లేని తిరుగుడు లెక్క. ట్రైలర్ మొదలుపెట్టాక 3,000 కిలోమీటర్లకు మళ్లీ కొలిచి కొత్త లెక్క కట్టండి. లాగేవి వెనక చక్రాలే అయితే అరుగుదల అక్కడే వేగంగా ఉంటుంది. 8,000 కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి మార్చండి. కంపెనీ టైర్లలో చాలాసార్లు ఇంధనం ఆదా కోసం ట్రెడ్ తక్కువ లోతుతోనే ఇస్తారు. అందుకే త్వరగా అరిగినట్టు అనిపిస్తుంది, నాసిరకం కావడం వల్ల కాదు.

పంక్చర్ పడినప్పుడు బయటినుంచి పుల్ల గుచ్చి పంపేయనివ్వకండి. టైరు రిమ్ము నుంచి తీసి లోపల చూడాలి. గాలి తగ్గి లోడుతో తిరిగిన టైరులో సైడ్‌వాల్ లోపలి వైపు చుట్టూ ఒక ముడత గీత, అడుగున నల్లటి రబ్బరు పొడి కనిపిస్తాయి. చేత్తో తీస్తే కాటుకలా అంటుకుంటుంది. సైడ్‌వాల్ తనను తాను నలుపుకుని రాలిన పొడి అది. ఆ టైరుకు ప్యాచ్ వేయకూడదు, పారేయాల్సిందే. రంధ్రం ట్రెడ్ భాగంలో ఉండి, 6 మిల్లీమీటర్లు మించకపోతేనే లోపలినుంచి ప్లగ్గు, ప్యాచ్ రెండూ కలిపి వేయాలి. ట్రెడ్, సైడ్‌వాల్ కలిసే భుజం మీద, సైడ్‌వాల్ మీద అసలు వద్దు. సైడ్‌వాల్‌లో ఎక్కడైనా బుడిపె లేచిందంటే లోపల దారాలు తెగాయి, ఆ టైరుతో ట్రైలర్ కట్టకండి.

ఎల్‌టీకి మారేటప్పుడు షాపులో అడగాల్సినవి రెండున్నాయి. మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్‌ఐ వరకే. మీకు 55 చాలు అన్నా, ఎండలో లోడుతో నడిచాక అది 62, 63 అవుతుంది. ఎక్కువ పీడనానికి చేసిన వాల్వో, లోహపు వాల్వో వేయించండి. రెండోది రిమ్ము. దాని వెనక వైపు మోయగల బరువు, కొన్నింటిలో గరిష్ఠ పీడనం పోతపోసి ఉంటాయి. టైరు ఎంత గట్టిదైనా రిమ్ము హద్దే హద్దు. నాలుగూ ఒకే తరగతివి వేయండి, ముందు ‘పీ’, వెనక ‘ఎల్‌టీ’ అని కలపకండి. స్టెప్నీని మరిచిపోతారు చాలామంది. వెనక ఎల్‌టీ పేలితే దాని స్థానంలో ‘పీ’ స్టెప్నీ వేసుకుని 2400 కిలోలతో ఘాట్ దిగడం ప్రమాదం.

పికప్_లోడు

సామాను సర్దుతాను. ట్రైలర్ టైర్ల మీద ‘ఎస్‌టీ’ అని ఉంది. వాటికీ ఇదే లెక్కా?

జవాబు: గాలి_గేజి

కాదండి. ‘ఎస్‌టీ’ ట్రైలర్‌కు మాత్రమే చేసిన టైరు, పికప్‌కు వేయకూడదు. సైడ్‌వాల్ మీద వేగం అక్షరం ఏదీ లేకపోతే గంటకు 105 కిలోమీటర్లే దాని హద్దు. మీ 80–90 సరిపోతుంది. వాటికి మిగులు తక్కువ పెట్టి అమ్ముతారు కాబట్టి చల్లగా ఉన్నప్పుడు సైడ్‌వాల్ మీది గరిష్ఠ పీడనమే పెట్టడం మంచిది. నాలుగు చక్రాల మీద 2110 అంటే ఒక్కోదానికి 530 కిలోల దాకా. టైరు మీద రాసిన బరువు దీనికన్నా 15–20 శాతం ఎక్కువ ఉండాలి.

ఇవి అరిగి పోవడంకన్నా వయసు మీరి పోవడం ఎక్కువ. సైడ్‌వాల్ మీద డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారీ. ఆరేళ్లు దాటితే ట్రెడ్ నిండుగా ఉన్నా మార్చేయండి. ఎండలో నిలిపిన ట్రైలర్‌కు ఇంకా ముందే.

బయల్దేరిన గంటకు ఆగి ఆరు చక్రాల గాలి, పికప్ వెనక రెండింటిదీ ట్రైలర్ నాలుగింటిదీ, గేజితో చూడండి. ఒకే ఇరుసు మీది రెండింటిలో ఒకటి నాలుగైదు పీఎస్‌ఐ తేడా చూపిస్తే అది ఎక్కువ మోస్తోంది లేదా పొద్దున్నే తక్కువతో మొదలైంది. ట్రైలర్ హబ్బు (చక్రం మధ్య భాగం) దగ్గరకు చెయ్యి తెచ్చి కూడా చూడండి, ఒకటే మిగతావాటికంటే వేడిగా సెగ కొడితే అది టైరు కాదు, బ్రేకు పట్టేసింది లేదా బేరింగులో గ్రీజు అయిపోయింది. చక్రాలు ఎప్పుడు విప్పి బిగించినా 80 నుంచి 150 కిలోమీటర్ల మధ్య నట్లను టార్క్ రెంచితో ఇంకోసారి బిగించండి.